బొట్టు పెట్టుకున్న పీతలు

రోజు 1

ఈ పుస్తకంలో రోజూ ఏదో ఒకటి రాయాలట. నిజమే రాయాలట. పేజీలకు నంబర్లు వేసి ఇచ్చారు కాబట్టి చింపే వీలు లేదు. ఆ నంబర్లు వేసిన మహానుభావుడెవరో నా సంగతి బాగా తెలిసినవాడై ఉండాలి.

నా పేరు అర్జిల్లి దానయ్య. గవ్వలపేటలో ముప్పై ఏళ్లు పెళ్లి ఫోటోలు తీశాను. యంత్రాలు తమంతట తామే బొమ్మలు పుట్టించడం మొదలుపెట్టాక, పెళ్లికి రాని మేనమామలు కూడా అక్షింతలు వేస్తూ ఫోటోల్లో కనబడసాగారు. నా పని పోయింది. ఆ తర్వాత ఏ బొమ్మనీ ఎవరూ నమ్మని కాలం వచ్చింది. అప్పుడు తీర కార్యాలయం వారు నన్ను వెతికి పట్టుకుని, ప్రమాణం చేయించి, మూడు కాళ్ల చెక్క కెమెరా ఒకటి, నల్ల కవర్లలో పన్నెండు ఫిల్ము ముక్కలు, ఈ పుస్తకం చేతిలో పెట్టారు.

పని చెప్పడానికి తేలికే. సముద్రానికీ ఊళ్లకీ మధ్య కట్టిన గోడ అవతల, తీరంలో బతికే వన్యప్రాణులు తొమ్మిది రకాలు ఈ నెలాఖరులోగా ఫిల్ము మీద చూపించాలి. ప్రతి ఫోటోలోనూ ప్రాణి పక్కనే ఒక సాక్షి, మొహం కనబడేలా ఉండాలి. తీశాక కవరు మీద సాక్షి వేలిముద్ర వేయాలి. ఇవన్నీ కుదిరితే మా నలభై ఒకటో గేటు ఇంకో ఏడాది తెరుస్తారు. కుదరకపోతే ఈ తీరంలో ఏదీ బతకడం లేదని తేల్చేసి, గేటు పూడ్చి గోడ కలిపేస్తారు.

పక్కన నలభయ్యో గేటు నిరుడు పూడ్చేశారు. బదులుగా అక్కడివాళ్లకు గోడ మీద పెద్ద తెర పెట్టారు. అందులో సముద్రం పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటుంది. డాల్ఫిను కూడా ఎగురుతుంది. ప్రతి తొమ్మిదో నిమిషానికీ అదే డాల్ఫిను, అదే ఎగురుడు.

నా మటుకు నాకు గేటు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. తీరానికి వెళ్తే చెప్పుల్లోకి ఇసుక వస్తుంది.

రోజు 2

సాక్షిగా ఎవరొస్తారని పేటలో అడిగితే చెయ్యెత్తింది ఒక్క మనిషే, మైలపిల్లి గురివమ్మ అప్ప. పేటంతటికీ అక్క, డెబ్బై ఒక్క ఏళ్లు. గోడ కట్టకముందు చేపలు అమ్మేది. ఆ వీధి చివర బేరమాడితే ఈ వీధి చివర పసిపిల్లలు లేచేవారు. ఆ గొంతు ఇప్పటికీ అలాగే ఉంది. గేటు తెరిచే గంటసేపూ, సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర వరకు, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి సముద్రంతో మాట్లాడుతుంది. ఎక్కువగా తిడుతుంది.

పొద్దున్నే మా ఇంటికి వచ్చింది.

"తమ్ముడా, నాను ఏ కోక కట్టుకోవాల?"

"ఏదో ఒకటి కట్టుకో అప్పా. ఈ ఫిల్ములో రంగులు రావు."

"రాపోతే రాపోనీ. ఎర్రది కట్టుకున్నానని నాకు తెలుస్తాది గదా."

మధ్యాహ్నం గేటు అంచుల రబ్బరుకి గ్రీజు పూసే వంతు నాది. ఉప్పు తిన్న ఇనుము రోజూ ఏదో ఒక చోట పెళుసెక్కుతుంది. పోటు రోజుల్లో నీళ్లు గేటు కింది మెట్టు దాకా వస్తాయి. ఆ పని చేసి, చేతులు కడుక్కుని, కెమెరా భుజానికెత్తుకుని అయిదున్నరకు బయటికి నడిచాను. ఎండ వాలుగా ఉంది. గాలి లేదు. ఒక్క పక్షి లేదు. గురివమ్మ అప్ప ఎర్ర కోకలో, పెద్ద బొట్టుతో నా ముందు నడుస్తూ కోడలి గురించి సముద్రానికి వినబడేలా చెబుతోంది. ఇంకేం వస్తాయి ప్రాణులు?

రోజు 4

రెండు సాయంత్రాలు వృథా అయ్యాక అప్పకి విసుగొచ్చింది.

"ఇలగ సూస్తా కూకుంటే అవి వస్తాయేటి? పట్టాల."

అని ఒక కన్నంలో చెయ్యి పెట్టి ఎర్రపీతను పైకి లాగేసింది. దాని డెక్కలు రెండూ రెండు వేళ్లతో నొక్కి పట్టుకుంది, అలవాటైన చెయ్యి. నేను నల్లగుడ్డలో తల పెట్టి సరిచూసుకుంటూ ఉంటే, ఆవిడ బొడ్లోంచి కుంకుమ సంచి తీసి పీతకు బొట్టు పెట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గవ్వలపేటలో పడవ నీట్లోకి దిగాలంటే బొట్టు. కొత్త వలకు బొట్టు. గట్టుకొచ్చిన మొదటి చేపకు బొట్టు. ఇక నేనంటారా, ముప్పై ఏళ్లలో బొట్టు లేని ఆడమొహాన్ని ఒక్కదాన్నీ తీసిన పాపాన పోలేదు. అందుకని పీత నుదుట బొట్టు చూస్తే నాకు తేడాగా ఏమీ అనిపించలేదు. పైగా కొంచెం ఎడమకు పోయిందని చెప్పి దిద్దించాను.

ఫోటో బాగా వచ్చి ఉంటుంది. సాక్షి కళ్లు మూయలేదు, పీత కూడా మూయలేదు.

రోజు 9

దారి దొరికాక పని చకచకా సాగుతోంది. గవ్వలో కాపురముండే సన్యాసి పీత, ముట్టుకుంటే బంతిలా ఉబ్బే చేప, రాయి సందులో ముళ్ల ఉండ, ఇప్పటికి నాలుగు. ఇవాళ గట్టున పడ్డ జెల్లీచేప అయిదోది. దానికి నుదురెక్కడో తెలియక అప్ప కాసేపు తటపటాయించి, నడిమధ్యన పెట్టింది.

"కనబడతన్నాదా?"

"కనబడుతోంది. నువ్వు కొంచెం గడ్డం పైకెత్తు అప్పా."

గడ్డం ఎత్తింది. ఈ వయసులో కూడా ఫోటో అంటే మొహం వెలిగిపోతుంది.

రోజు 13

తాబేలు వచ్చింది. గుడ్లు పెట్టడానికి, ఇంకా వెలుతురు ఉండగానే. నా చిన్నప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడే. ఇసుక మీద తనను తాను ఈడ్చుకుంటూ, ఒక్కో అడుక్కీ ఆగి నిట్టూర్చింది. కాసేపు కెమెరా సంగతే మరిచాను. అప్ప కూడా తిట్లు మరిచింది. తర్వాత దగ్గరికెళ్లి కూర్చుని, "ఎన్నాళ్లకొచ్చినావమ్మా" అంటూ బొట్టు పెట్టింది.

దానితో తొమ్మిది పూర్తయ్యాయి. రేపు కవర్లన్నీ కార్యాలయానికి పంపేస్తున్నాను. మూడు ఫిల్ము ముక్కలు మిగిలాయి. ఇంత తేలికైన పని చేయలేక నలభయ్యో గేటువాళ్లు అంత ఏడిచారెందుకో మరి.

రోజు 20

ఉత్తరం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను.

"మీరు పంపిన తొమ్మిది చిత్రాలలోని ప్రాణులు వేర్వేరు జాతులకు చెందినవి అయినప్పటికీ, అన్నింటికీ శిరోభాగం మధ్యన ఒకే పరిమాణంలో గుండ్రటి నల్లమచ్చ గమనించడమైనది. ఇటువంటి వ్యాధి ఇంతవరకు నమోదు కాలేదు. సాక్షి నుదుట కూడా అదే మచ్చ ఉన్నందున ఇది మనుషులకు సోకినట్లు భావించడమైనది. నెలాఖరున పరిశీలకులు వచ్చి నిర్ధారించేవరకు గేటు మూసి ఉంచవలెను. వ్యాధి నిర్ధారణ అయినచో గేటు శాశ్వతంగా పూడ్చబడును."

కార్యాలయంలో ఫోటోలు మొదట చూసేది యంత్రం. దానికి జన్మలో ఎవరూ బొట్టు పెట్టలేదు, అది ఎవరికీ పెట్టలేదు.

గురివమ్మ అప్పకి చదివి వినిపించాను. చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత గేటు తాళం వేసిన చప్పుడు వినబడి నవ్వు ఆపేసింది.

రోజు 22

రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. అది వ్యాధి కాదు, కుంకుమ అని రాసి పంపితే సరిపోతుంది కదా అని మొదట అనుకున్నాను. నిబంధనల పుస్తకం తీసి చూశాను. పదిహేడో పేజీ: "మనిషి చేత్తో తాకిన, అలంకరించిన ప్రాణి వన్యప్రాణిగా పరిగణించబడదు." అంటే నిజం చెబితే తొమ్మిది ఫోటోలూ చెల్లవు. చెప్పకపోతే జబ్బు అంటారు. ఎటు తిరిగినా గేటు పోతుంది.

ఆ పేజీ ముందే చదవాల్సింది. చదవలేదు. బొట్టు వంకరగా ఉందని పీతకు దిద్దించిన పెద్దమనిషిని నేను. తప్పు అప్పది కాదు, నాది.

రోజు 26

అప్ప అన్నం మానేసిందని వాళ్ల కోడలు సన్నీలు వచ్చి చెప్పింది. తొట్టిలో పెంచిన చేప కూర వండి పెట్టినా ముట్టుకోవడం లేదట. రోజూ అయిదున్నరకు వెళ్లి మూసిన గేటుకి చెవి ఆనించి కూర్చుంటోందట. ఆరున్నరకు లేచి వస్తోందట.

వెళ్లి చూశాను. నిజమే. పక్కన కూర్చున్నాను. ఇనుము అవతల కెరటం పడుతున్న చప్పుడు సన్నగా వినబడుతోంది.

"అన్నం తినవేటి అప్పా?"

"సయించట్లేదురా. ఈ గంట కోసరమే కదా తతిమ్మా ఇరవై మూడు గంటలూ ఈ గోడలో ఉంటన్నాను. అది కూడా పోతే నానేటి సెయ్యాల? ఆ తెర ముందల కూకోనా?"

ఏడుపొచ్చింది. మొదటి పేజీలో గేటు ఉన్నా పోయినా ఒకటే అని రాశాను. అది అబద్ధం. ఈ పుస్తకంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

రోజు 30

ఇవాళ నెలాఖరు. చెయ్యి నొప్పెట్టినా మొత్తం రాస్తాను.

నాలుగు గంటలకు పరిశీలకురాలు వచ్చారు. పేరు హైమవతి. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ముక్కుకి గుడ్డ, చేతులకు తొడుగులు, పెద్ద పెట్టె. వ్యాధి గదా మరి. గేటు పక్క గదిలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆవిడ ఈ పుస్తకం అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. నేను ఆ యంత్రం గురించి రాసింది, నంబర్లు వేసిన మహానుభావుడి గురించి రాసింది గుర్తొచ్చి గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

చదవడం అయ్యాక ముక్కుగుడ్డ తీసేశారు. తొడుగులు కూడా తీసేశారు.

"పేజీలకు నంబర్లు వేసింది నేనేనండీ," అన్నారు.

నేను నేలకేసి చూశాను.

"వ్యాధి లేదని రాస్తాను. కానీ దానయ్యగారూ, ఆ తొమ్మిదీ చెల్లవు. అది నా చేతిలో లేదు. మూడు ముక్కలు మిగిలాయి కదా? ఇవాళ ఆరున్నర వరకు టైముంది."

"మూడు ఫోటోల్లో తొమ్మిది రకాలా అమ్మా?"

"తొమ్మిది రకాలు కావాలని ఉంది. తొమ్మిది ఫోటోలు అని ఎక్కడా లేదు."

ముప్పై ఏళ్లు పెళ్లిళ్లలో తిరిగినవాణ్ణి. అరవై మంది చుట్టాలను ఒకే ఫోటోలో ఇరికించినవాణ్ణి. ఈ ఆలోచన నాకు రాలేదంటే సిగ్గుచేటు.

అయితే చుట్టాలు పిలిస్తే వస్తారు. వీటిని పిలిచేదెలా? అప్పటికే గేటు దగ్గరికి వచ్చి కూర్చున్న గురివమ్మ అప్పనే అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, పరుగులాంటి నడకతో ఇంటికెళ్లి కత్తిపీట, గిన్నె, రేషనులో ఇచ్చిన తొట్టి చేపలు అయిదూ తెచ్చింది.

"యెనకటికి నాను గట్టున కూకుని సేపలు కోస్తంటే ఊరూ వాడా వచ్చీసేవి. మనుషులు గాదురా, ఇవి. తోలలేక సచ్చీదాన్ని."

"ముట్టుకోకూడదండీ. చేత్తో తినిపించకూడదు," అన్నారు హైమవతి గారు.

"నానెందుకు పెడతానమ్మా. నా కూర నాను కడుక్కుంటన్నాను. తప్పేటి?"

ఆవిడ నిబంధనలు తిరగేసి, తప్పు లేదన్నారు.

అయిదున్నరకు గేటు తెరిచాం. హైమవతి గారు మెట్టు దిగి ఇసుక మీద కాలు పెట్టి ఆగిపోయారు. పుట్టి పెరిగింది గోడకు వందమైళ్ల లోపలట. సముద్రాన్ని చూడడం ఇదే మొదటిసారి. కెరటం వచ్చి బూట్లు తడిపితే వెనక్కి కూడా జరగలేదు. అప్ప ఆవిడ చేతిలో గిన్నె పెట్టి, "సూసింది సాలుగానీ, ఇది పట్టుకుని నా పక్కన కూకో" అంది. పెద్ద ఆఫీసరు బుద్ధిగా కూర్చుని గిన్నె పట్టుకున్నారు.

అప్ప కత్తిపీట ముందు వేసుకుంది. చేపలు కోస్తున్నంతసేపూ ఆవిడ మాట్లాడదని నాకు అప్పుడే తెలిసింది. వేలు తెగుతుందని చిన్నప్పుడు వాళ్లమ్మ చేసిన అలవాటట. ముప్పై రోజుల్లో మొదటిసారి తీరం నిశ్శబ్దంగా ఉంది.

మొదట కాకులు వచ్చాయి. కాకి లెక్కలోకి రాదు, ఎక్కడైనా బతుకుతుంది కాబట్టి. తర్వాత కన్నాల్లోంచి పీతల కళ్లు. తర్వాత ఉల్లంకి పిట్టలు, నీళ్ల అంచున పొట్టి పొట్టి పరుగులతో. తెల్లకొంగ. మూడు రకాలైనా పడతాయని మొదటి ముక్క కెమెరాలో పెట్టి నొక్కాను. సరిగ్గా అప్పుడే అప్ప, అలవాటు కొద్దీ, కెమెరాకేసి తిరిగి గడ్డం పైకెత్తింది. అన్నీ లేచిపోయాయి.

"నాకేటి తెల్సు? నువ్వే గదా ఎత్తమన్నావు," అంది.

మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ ఒక్కొక్కటే వచ్చాయి. ఈసారి తెల్లటి సముద్రపు కాకులు, వాటి మీద తిరుగుతూ గద్ద కూడా. గద్ద కిందికి దిగింది. సరుగుడు మొక్కల్లోంచి ముంగిస తల బయటపెట్టింది. రెండో ముక్క పెట్టాను, నల్లగుడ్డలో తల దూర్చాను, అన్నీ చక్కగా కుదిరాయి. అప్పుడు నా నోటి నుంచి నాకు తెలియకుండానే ఒక మాట వచ్చింది.

"అందరూ ఇటు చూడండి."

ముప్పై ఏళ్ల అలవాటు. చూశాయి, పారిపోయాయి. హైమవతి గారు నవ్వు ఆపుకోలేక గిన్నెలో మొహం పెట్టారు. నవ్వడానికి నాకు ఓపిక లేదు.

ఆరుంబావు. ఒక్క ముక్క, రెండు చేపలు మిగిలాయి. నేను నా ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాను. ఇది కూడా నిజమే, రాయాలి కాబట్టి రాస్తున్నాను.

అప్ప చేప పొట్ట చీల్చి పేగులు దూరంగా విసిరింది. వెలుతురు పసుపు నుంచి ఎరుపుకి తిరిగింది. పీతలు, ఉల్లంకులు, కొంగ, సముద్రపు కాకులు, గద్ద, ముంగిస. రాళ్ల మీంచి ఒక ఉడుము తీరిగ్గా దిగి వచ్చింది. ఏడు. గోడ నీడలోంచి ఒక నక్క బయటికొచ్చి, ముగ్గురినీ ఎగాదిగా చూసి, అప్పకు నాలుగు బారల దూరంలో కూర్చుంది. పెళ్లి భోజనాల దగ్గర రెండో బంతి కోసం కూర్చున్నట్టే కూర్చుంది. ఎనిమిది.

తొమ్మిదోది కావాలి. ఆగాను. గోడమీద గడియారం ఆరూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. తొమ్మిదోది రాలేదు. అప్ప చేతిలో చేప అయిపోయింది. ఇక చేసేది లేక నొక్కేశాను.

గేటు మూసే సైరన్ మోగింది. అన్నీ తలో దిక్కుకీ పోయాయి. అప్ప కత్తిపీట మడిచి, "ఎన్నయినాయిరా?" అంది.

"ఎనిమిది," అన్నాను. అప్ప నీళ్లకేసి తిరిగి నిలబడింది. చివరిసారి చూస్తున్నట్టు చూసింది. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

హైమవతి గారు గిన్నె కింద పెట్టి ఫారం తీశారు.

"తొమ్మిదోది ఉంది కదండీ ఫోటోలో," అన్నారు. "ప్రశ్నలు నేను చదువుతాను, మీరు సరిచూడండి. ఆహారం ఎక్కడ? తీరంలో. గోడ లోపల ఉంచితే? తిండి మానేస్తుంది, మీ పుస్తకం ఇరవై ఆరో రోజు. శిక్షణకు లొంగుతుందా?" ఆవిడ అప్ప వైపు చూసి, "ఎవరి మాటా వినదు," అని రాసుకున్నారు.

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. "మరి సాక్షి ఎవరమ్మా?"

"నేను. పక్కనే ఉన్నాను, గిన్నె పట్టుకుని. మొహం కనబడుతుంది."

"మనిషి తాకింది కాకూడదు కదా?"

దానికి గురివమ్మ అప్పే జవాబిచ్చింది. "నన్ను తాకీ దమ్ము ఎవలికుందిరా?" అంది. తర్వాత అసలు సంగతి అప్పటికి తలకెక్కి హైమవతి గారి వైపు తిరిగింది. "ఆగమ్మా. నన్ను జంతువని రాస్తన్నావా?"

"వన్యప్రాణి అని రాశానండీ."

"రాస్తే గేటు తెరిసుంటాదా?"

"తెరిచే ఉంటుంది."

"అలగయితే రెండుసార్లు రాసుకో."

రోజు 43

ఉత్తరం వచ్చింది. యంత్రమే రాసింది, భాష చూస్తే తెలుస్తుంది.

"నలభై ఒకటో గేటు మరో ఏడాది తెరిచి ఉంచవలెనని నిర్ణయించడమైనది. మీరు నమోదు చేసిన తొమ్మిదో జాతి మా జాబితాలో లేదు. మీ తీరంలో ఇటువంటివి మొత్తం ఎన్ని ఉన్నవో లెక్కించి జతపరిచిన ఫారంలో తెలుపగలరు."

సాయంత్రం అయిదున్నరకు ఫారం తీసుకుని గేటుకి వెళ్లాను. వరుస అప్పటికే కట్టి ఉంది. అందరికంటే ముందు గురివమ్మ అప్ప, ఎర్ర కోకలో, ఎవరినో తిడుతోంది. వెనక వాళ్ల కోడలు. ఆ వెనక పేటంతా. తలలు లెక్కపెట్టాను, పొరపాటు పడ్డానేమోనని రెండోసారి కూడా లెక్కపెట్టాను. వరుసలో నా ముందు నలభై ఆరుగురు ఉన్నారు.

ఫారంలో నలభై ఏడు అని రాశాను.